ఎవరి ఒంటి కబురు ఎవరికి చెప్తున్నారు?



పోయిన వారం ఆశ్రమ పాఠశాలల గురించి రాసిన దానికి చాలామంది స్పందించారు. అందులో పీజీ చదివే ఒక చెల్లెలు వేరే సంగతి రాసింది. "అన్నా, మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. కీమో నడుస్తోంది. తిండి తినదు, ఎవరితో మాట్లాడదు, గోడకేసి తిరిగి పడుకుంటది. ఎట్లా ధైర్యం చెప్పాలి?" అని. నేను తిరిగి ఒకటే అడిగాను. అమ్మకు జబ్బు పేరు తెలుసా? "తెలీదన్నా. గడ్డ అని చెప్పాం."

ఆ చెల్లెలి మీద నాకు కోపం లేదు. భద్రాచలం నుంచి ఖమ్మం దాకా ఏ వాడలో చూసినా ఇదే పద్ధతి. జబ్బు పేరు కొడుక్కి తెలుస్తుంది, అల్లుడికి తెలుస్తుంది, ఆర్ఎంపీకి తెలుస్తుంది, పాస్టర్ గారికి తెలుస్తుంది. కిరాణా కొట్టాయనకీ తెలుస్తుంది. జబ్బు పడ్డ మనిషికి మాత్రం "గడ్డ", "పుండు", "పెద్ద జబ్బు". నేను ఆసుపత్రికి తోడుగా పోయిన ఒక పెద్దమ్మ బస్సులో నాతో అన్నది: "నాకేమైందో ఊరందరికీ ఎరికే బిడ్డా, నాకే ఎరిక లేదు." ఆమె అమాయకంగా అనలేదు. అందరూ తనకు అబద్ధం చెప్తున్నారని తెలిసే అన్నది.

క్యాన్సర్ వచ్చినవాళ్ల మనసు గురించి మాట్లాడాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టాలని నా వాదన. మనిషి ధైర్యం పోయి కుంగిపోవడం లేదు, అందరూ కలిసి ఆమెను ఒంటరిని చేస్తే కుంగిపోతోంది. ఒంటరిని చేసేది దాచడం. ఆ దాచడం మన దగ్గర కుటుంబం చేసే పని మాత్రమే కాదు, ప్రభుత్వానికీ అలవాటే.

"డిప్రెషన్ పట్నపోళ్ల జబ్బు, కూలోళ్లకు అంత తీరిక ఎక్కడిది" అనే మాట మన సభల్లోనే విన్నాను. మరి రంది అంటే ఏంటి? మనాది అంటే ఏంటి? "మనాది పెట్టుకొని మంచం పట్టింది" అని మన నాయనమ్మలు అనలేదా? లోపల పురుగులా తొలిచే దిగులుకి, పగలు రాత్రి తేడా లేని ఆలోచనకి, బతుకు మీద ఇష్టం పోవడానికి మన భాషలో పేర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. లేనిదల్లా ఆసుపత్రి ఓపీ చీటీలో వాటికి చోటు. డాక్టర్ గారు "నొప్పి ఉందా, వాంతులు ఉన్నాయా, విరేచనం అవుతోందా" అని అడుగుతారు. "రంది ఉందా అమ్మా" అని అడగరు. అడిగితే చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఎంతమంది? చాలా దేశాల అధ్యయనాలను కలిపి చూసి 2011లో లాన్సెట్ ఆంకాలజీ అనే వైద్య పత్రికలో ఒక లెక్క వేశారు. ఆసుపత్రుల్లో ఉన్న క్యాన్సర్ రోగుల్లో నూటికి 30 నుంచి 40 మందిలో డిప్రెషన్, ఆందోళన, మారిన బతుక్కి సర్దుకోలేకపోవడం లాంటి సమస్యల్లో ఏదో ఒకటి ఉన్నట్టు తేలింది. అంటే కీమో వార్డులో పది మంచాలుంటే మూడు నాలుగు మంచాల మీద రెండు జబ్బులున్నాయి. ఒకదానికే మందు ఎక్కుతోంది. రెండోది కనపడకపోవడానికి ఒక కారణం ఉంది. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, నీరసం - ఇవి కీమో వల్లా వస్తాయి, డిప్రెషన్ వల్లా వస్తాయి. వాంతులు రాకుండా కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ కూడా నిద్ర చెడగొడుతుంది. అందుకే "మందు వేడి, తగ్గిపోద్దిలే" అని వదిలేస్తారు. అడగనిదే ఏది ఏదో తేలదు.

ఇక ప్రభుత్వం దాచడం సంగతి. చిన్న వయసు విద్యార్థులకు ఇది తెలియకపోవచ్చు కాబట్టి వివరంగా రాస్తాను.

2009 జులైలో మన ఉమ్మడి ఖమ్మం జిల్లాకు క్యాన్సర్ పేరుతో ఒక ప్రాజెక్టు వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేశాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మంది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే ప్రాజెక్టు ఇంకో కంపెనీ టీకాతో నడిచింది. మన దగ్గర టీకా వేసినవాళ్లలో చాలామంది హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో చదివే ఆదివాసీ, దళిత పిల్లలు.

పిల్లకు సూది వేయాలంటే తల్లిదండ్రి ఒప్పుకోవాలి కదా. ఇక్కడ తల్లిదండ్రుల బదులు హెడ్మాస్టర్లు సంతకం చేయొచ్చని రాష్ట్ర ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. తర్వాత విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. ఒక్కసారి ఆ అంకె దగ్గర ఆగండి. రెండు వేల ఏడు వందల మందికి పైగా ఆడపిల్లల ఒంటి మీద నిర్ణయం వార్డెన్ గారి పెన్నుతో అయిపోయింది. తల్లి పది కిలోమీటర్ల అవతల గూడెంలో ఉంది. కబురు పెట్టలేనంత దూరమేం కాదు. అడగాల్సిన మనిషి కాదనుకున్నారు, అంతే.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు భద్రాచలం వచ్చి చూశాయి, గొడవ అయింది, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం చెప్పింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. అంగీకారం తీసుకున్న తీరును అది కడిగేసింది. లోతైన విచారణ లేకుండానే మరణాలకు టీకాతో సంబంధం లేదని కొట్టిపారేశారని తప్పుపట్టింది. ఆ మరణాల్లో ఆత్మహత్యలుగా రాసినవి కూడా ఉన్నాయి. పది నుంచి పద్నాలుగేళ్ల మధ్య వయసు. ఆ పక్క మాట మనసుల గురించి మాట్లాడేవాళ్లెవరికైనా గుర్తుండాలి.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి, లేకపోతే ఈ పోస్టు స్క్రీన్‌షాట్లు ఎక్కడెక్కడికో పోతాయి. హెచ్‌పీవీ టీకా మంచిది. ప్రపంచమంతా వేస్తున్నారు, ఆ క్యాన్సర్‌ను తగ్గిస్తోంది. మన పిల్లలకు వేయించండి. ఖమ్మంలో తప్పు చెప్పకుండా, అడక్కుండా వేయడం.

విచిత్రం ఏంటంటే దానికి ఏడాదిన్నర ముందే, 2008 జనవరి 16న, సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక మహిళకు, ఆమె తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మెలకువ వచ్చాక ఆమెనే అడగొచ్చు కదా, తల్లి ఒప్పుకోవడం ఆమె ఒప్పుకున్నట్టు కాదు అని కోర్టు చెప్పింది. పెద్ద మనిషి ఒంటి మీద నిర్ణయం ఆ మనిషిదే. ఇది ఢిల్లీ మహిళకు చెప్పిన చట్టం. బూర్గంపహాడ్ కూలి తల్లికీ వర్తిస్తుంది.

ఇప్పుడు మళ్లీ వార్డులోకి రండి. రిపోర్టు వస్తుంది. డాక్టర్ గారు పేషెంటును చూసి, పక్కనున్న కుర్రాడితో "బాబూ, నువ్వొకసారి బయటికి రా" అంటారు. ఆ ఒక్క మాటతో అన్నీ తెలిసిపోతాయి, ఏదీ తెలియకుండానూ పోతుంది. కొడుకు బయటి నుంచి కళ్లు తుడుచుకొని వచ్చి నవ్వుతాడు. తల్లి ఆ నవ్వు చూస్తుంది. ఆ క్షణం నుంచి ఆమె కూడా ఏమీ తెలియనట్టు నటించడం మొదలుపెడుతుంది, కొడుకు బాధపడతాడని. ఒకరి కోసం ఒకరు నటించుకుంటూ ఆర్నెల్లు ఒకే గదిలో బతుకుతారు. చావు భయం గురించి, పెళ్లికావాల్సిన ఆడపిల్ల గురించి, అప్పు గురించి, ఎక్కడ పాతిపెట్టాలన్న దాని గురించి - ఏదీ నోటికి రాదు. రంది ఇంకెట్లా పుడుతుంది?

చదువుకున్న ఇళ్లలోనూ దాస్తారు, నిజమే. కానీ అక్కడ పేషెంటు తన ఫైలు తాను చదువుకోగలదు, ఫోన్లో వెతుక్కోగలదు. మా వాడల్లో ఫైలు ఇంగ్లీషులో ఉంటుంది, ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది, ఆ కవర్ మోసేది ఆమే. తన జబ్బును చేతిలో పట్టుకొని తిరుగుతూ తనకు తెలియకుండా ఉంటుంది. మన ఆడవాళ్లకు ఇంకో అన్యాయం కూడా ఉంది. తెల్లబట్ట అవుతోందని ప్రైవేటు నర్సింగ్ హోముకు పోతే "గర్భసంచి తీయకపోతే క్యాన్సర్ అయిద్ది" అని భయపెట్టి కోసేస్తారు. లేనివాళ్లకు ఆ మాట చెప్తారు. ఉన్నవాళ్లకు దాస్తారు.

మాట దాస్తే ఆ ఖాళీలోకి వేరేవి వస్తాయి. ఏజెన్సీలో అన్నిటికన్నా ప్రమాదమైనది చేతబడి అనుమానం. మనిషి కళ్ల ముందు ఎండిపోతోంది, కారణం ఎవరూ చెప్పరు. అప్పుడు ఊరే కారణం వెతుకుతుంది. జబ్బుకు పేరు చెప్పకపోతే ఏదో ఒక మనిషి పేరు చెప్తుంది. సాధారణంగా అది ఒంటరి ముసలామె పేరో, ఆస్తి తగాదా ఉన్న పాలోడి పేరో అవుతుంది. తర్వాత ఏం జరుగుతుందో ఈ అడవి అంచున ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇంకో పక్క ప్రార్థన. ప్రార్థన వల్ల ఊరట పొందినవాళ్లను చూశాను, దాన్ని తక్కువ చేయను. కానీ "విశ్వాసం ఉంటే స్వస్థత వస్తుంది" అని పదే పదే వింటూ తగ్గకపోతే, తప్పు తన విశ్వాసంలోనే ఉందనుకొని కుమిలిపోయే అక్కల్ని కూడా చూశాను. జబ్బుతో పాటు నేరం కూడా మోయిస్తున్నాం.

మన వాళ్లకు చేదుగా ఉన్నా ఇంకోటి రాయాలి. ఇళ్లలో గ్లాసు వేరు చేస్తున్నారు. కంచం వేరు, దుప్పటి వేరు, మనవడిని దగ్గరికి రానియ్యరు. "అంటుకుంటదేమో" అని. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడిన వాడలు ఇవి. ఆ కొట్లాటలో ముందు నిలబడ్డ తల్లికి ఇవాళ సొంతింట్లో రెండో గ్లాసు పెడుతున్నాం. ఆమెకు ఆ గ్లాసు అర్థం వేరేవాళ్లు చెప్పాలా? క్యాన్సర్ తాకితే రాదు, కలిసి తింటే రాదు, పక్కన పడుకుంటే రాదు. ఈ ఒక్క వాక్యం ప్రతి ఇంట్లో గట్టిగా చెప్పండి. మనవడిని ఆమె ఒళ్లో కూర్చోబెట్టండి. కీమో వల్ల రోగ నిరోధక శక్తి తగ్గిన రోజుల్లో జలుబు, జ్వరం ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి, నిజమే. అది ఆమెను కాపాడ్డానికి, ఆమె నుంచి మనల్ని కాపాడుకోడానికి కాదు.

"నిజం చెప్తే గుండె ఆగి చస్తది అన్నా" అని చాలామంది అంటారు. ప్రేమతోనే అంటారు. అందరికీ అంతా చెప్పేయమని నేను అనడం లేదు. కొంతమంది తెలుసుకోవద్దనుకుంటారు. అది కూడా వాళ్ల హక్కే. అందుకే ముందు ఆమెనే అడగాలి: "అమ్మా, రిపోర్టులు వచ్చినయ్. నీకు ఎంతవరకు చెప్పమంటవ్? నీకు చెప్పాల్నా, పెద్దోడికి చెప్పాల్నా?" ఈ ప్రశ్న వేస్తే ఎంత తెలుసుకోవాలో ఆమే తేల్చుకుంటుంది. 2009లో ఇక్కడి తల్లులకు వేయనిది ఇదే ప్రశ్న.

దాచడం ఒక్కటే కారణమా అంటే కాదు. దూరం ఉంది, డబ్బు ఉంది. రాష్ట్రంలో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి అంటే ప్రధానంగా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే. భద్రాచలం నుంచి 300 కిలోమీటర్లు దాటుతుంది. రైలు ఎక్కాలంటే భద్రాచలం రోడ్ స్టేషన్‌కు పోవాలి, అది పేరుకే భద్రాచలం, ఉండేది 40 కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు. అంటే ఇంకొకరు తోడుగా పట్నంలో ఉండాలి. మిర్చి ఏరే సీజన్లో, తునికాకు సీజన్లో ఇద్దరి కూలి పోతే ఆ ఏడాది ఆ ఇల్లు లేవదు. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం ఆంధ్రలో కలిసినాక ఇంకో తిరకాసు. వాళ్లకు దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి భద్రాచలంలోనే, కార్డు మాత్రం వేరే రాష్ట్రానిది. ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కు, కీమోకు ఇస్తుంది, అది చిన్న విషయం కాదు. పోయిన కూలికి ప్యాకేజీ లేదు. మంచం మీది మనిషి ఈ లెక్క రోజూ వేసుకుంటుంది. "నేను బతికితే పిల్లలు అప్పులపాలు" అనేది ఆమె మనసులో పుట్టిన పిచ్చి ఆలోచన కాదు, ఇంటి లెక్కల పుస్తకంలో నుంచి వచ్చిన ఆలోచన. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో దేశంలో జరిగిన ఆత్మహత్యల్లో నూటికి 18కి పైగా అనారోగ్యం ఖాతాలో ఉన్నాయి, కుటుంబ సమస్యల తర్వాత అదే పెద్ద కారణం. "కడుపునొప్పి భరించలేక" అని జిల్లా పేజీలో రెండు లైన్ల వార్తగా వచ్చేవి వాటిలోవే.

నొప్పి గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నొప్పి తగ్గని మనిషికి కౌన్సెలింగ్ ఏం ఎక్కుతుంది? మార్ఫిన్ మీద ఉన్న కఠిన నిబంధనల్ని 2014లో చట్టం సవరించి సడలించారు. ఖమ్మం జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ కేంద్రం ఉంది, ఆలన పేరుతో ఇళ్లకు వెళ్లి చూసే బృందాలూ ఉన్నాయి. మంచి పని. చావుకు దగ్గరైనవాళ్లకే కాదు, చికిత్స నడుస్తున్నవాళ్లకు కూడా నొప్పి మందు హక్కే అని మనవాళ్లకు తెలియాలి.

ఈ కుంగుబాటు తగ్గుతుందా? తగ్గుతుంది. స్కాట్లాండ్‌లో క్యాన్సర్‌తో పాటు తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 500 మందిపై చేసిన అధ్యయనం 2014లో లాన్సెట్‌లో వచ్చింది. శిక్షణ పొందిన క్యాన్సర్ నర్సులు, మానసిక వైద్యుల పర్యవేక్షణలో, రోగులతో కూర్చొని మాట్లాడి, మందులు సరిచూసి, వదలకుండా వెంటపడ్డారు. ఆరు నెలలకు నూటికి 62 మందిలో డిప్రెషన్ సగానికో అంతకన్నా ఎక్కువో తగ్గింది. మామూలు పద్ధతిలో చూసినవాళ్లలో నూటికి 17 మందికే. పెద్ద యంత్రాలు ఏం లేవు అందులో. నర్సులు, సమయం, అడిగే అలవాటు. గోవాలో సంగత్ సంస్థ డిగ్రీలు లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి డిప్రెషన్ తగ్గించవచ్చని చూపించింది. మన ఆశా అక్కలకు, ఏఎన్ఎంలకు ఇది చేతకాదని ఎవరన్నారు? జీతం పెంచకుండా ఇంకో పని నెత్తిన పెట్టకూడదు, అది వేరే కొట్లాట.

కేంద్రం 2025-26 బడ్జెట్లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని చెప్పింది. కీమో జిల్లాకు వస్తే మంచిదే. మంచాలు, సెలైన్ స్టాండ్లు వస్తాయి, రిబ్బన్ కట్ చేస్తారు. అక్కడ రంది గురించి అడిగే మనిషి ఉంటాడా అనేది ఇప్పుడే అడగాలి, కట్టినాక కాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు, కులం పేరుతో వివక్ష ఉండకూడదని అందులోనే రాసి ఉంది.

2016 జనవరి 17న రోహిత్ వేముల పోయాక మన విద్యార్థులు ఒక పని చేశారు. కుంగుబాటును ఒక పిల్లాడి బలహీనతగా చూడడానికి ఒప్పుకోలేదు, సంస్థ ఏం చేసిందో చెప్పమన్నారు. ఆ ప్రశ్న యూనివర్సిటీ గేటు దాటి క్యాన్సర్ వార్డు దాకా ఇంకా రాలేదు. మన ఉద్యమాలకు సంస్మరణ సభలు బాగా వచ్చు. అదే సంవత్సరం సెప్టెంబర్లో బొజ్జా తారకం గారిని క్యాన్సర్ తీసుకుపోయింది, ఊరూరా సభలు పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే. మంచం మీద బతికున్న కూలి తల్లి పక్కన కూర్చునే కార్యక్రమం మాత్రం ఏ సంఘం ఎజెండాలోనూ చూడలేదు.

ఆ చెల్లెలికి చెప్పిందే మిగతావాళ్లకూ చెప్తున్నాను. ధైర్యం చెప్పకండి, అడగండి. నిద్ర ఎట్లా ఉంది, దేని గురించి భయంగా ఉంది, బతకాలని లేదనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, ఉన్నదే బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుమందు ఉంటే తీసేయండి, అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆమెకు చూపు ఆనకపోతే మీరే కలిపి ఫోన్ చేతికివ్వండి, మీరు బయట నిలబడండి. ఈసారి బయటికి పోవాల్సింది మనం.

వచ్చే సోమవారం ప్రజావాణిలో ఇవ్వడానికి ఒక అర్జీ రాస్తున్నాం. డేకేర్ కేంద్రంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నుంచి ఒక కౌన్సెలర్, కోయ మాట్లాడే మనిషి ఒకరు, రిపోర్టు ముందు పేషెంటుకే చెప్పాలన్న బోర్డు తెలుగులో, తోడు వచ్చినవాళ్లకు పోయిన కూలికి ఏదైనా సాయం. భద్రాచలంలో ఐటీడీఏ దర్బార్‌లో కూడా ఇదే కాగితం ఇవ్వాలి. అక్కడికి పోగలిగినవాళ్లు కామెంట్లో పేరు పెట్టండి. ఇంట్లో పేషెంట్ ఉన్నవాళ్లు రాయొద్దు, మెసేజ్ చేయండి. వాళ్లను అడక్కుండా వాళ్ల జబ్బు ఇక్కడ పెట్టొద్దు.